ఎనిమిదో ఫారం

జపాన్ వాళ్ల మీద నాకు కోపం మొదలైంది ఆ వానాకాలంలోనే. అంతకుముందు వాళ్లు నాకేమీ చెయ్యలేదు, నేనూ వాళ్లకేమీ చెయ్యలేదు.

బడి పుస్తకాల పని వేసవితో అయిపోతుంది. వానలు పడ్డాక మా బైండింగు షాపులో జిగురు డబ్బా మీద ఈగలు తప్ప పని చేసేవాళ్లు కనపడరు. అలాంటి ఖాళీలో మా ఓనరు ఒక పని పట్టుకొచ్చాడు. ఓనరుని వెనకాల మేమంతా కళ్లజోడు అంటాం. అది ఎప్పుడూ ఆయన నుదుటి మీద ఉంటుంది, కళ్ల మీద ఉండదు.

"నాలుగు నవలలు. జపాన్‌వి. ఈ కాలం వాళ్లు రాసినవట. మన భాషలోకి తెచ్చారు," అన్నాడు.

"ఎవరు చదువుతారండీ?"

"చదవడం మన పనా? కట్టడం మన పని."

అందులో మాత్రం ఆయన్ని తప్పు పట్టలేను. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఈ షాపులో చేరాను. అప్పటినుంచి నా చేతుల మీదుగా ఎన్ని పుస్తకాలు పోయాయో చెప్పలేను. చదివినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బైండరు పుస్తకంలో అంకెలు చూస్తాడు, అక్షరాలు చూడడు. పెద్ద కాగితానికి ఒకవైపు ఎనిమిది పేజీలు, రెండోవైపు ఎనిమిది అచ్చువేస్తారు. దాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. అదే ఒక ఫారం. ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం, ఇలా వరసగా ఏరి, కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. వరస తప్పితే బైండరుకి పరువు పోతుంది. నాకు ఉన్న పరువల్లా అదే కాబట్టి నేనెప్పుడూ తప్పలేదు.

మడతలు పెట్టేది మా ఆవిడ. పెళ్లికి ముందు ఇదే షాపులో నేల మీద కూర్చుని మడతలు పెట్టేది. పెళ్లయ్యాక ఇంట్లో పెట్టేది. కిటికీ పక్కన చాప, ముందు పీట, చేతిలో మడత రుద్దే చెక్క బద్ద. అంకె మీద అంకె పడేలా కాగితం తిప్పి, బద్దతో ఒక్క రుద్దు రుద్దితే మడత కత్తిలా నిలబడేది. నాకూ ఆవిడకీ తేడా ఏమిటంటే, ఆవిడ అక్షరాలు కూడా చూసేది. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ, దాని కింద తలకిందులుగా ఇంకోటి ఉన్నా సరే, దొరికింది దొరికినట్టు చదివేసేది. నేను ఇంటికొచ్చేసరికి కథ ముక్కలు ముక్కలుగా చెప్పేది.

"ఈ జపానాయన పోయిన వస్తువుల ఆఫీసులో గుమాస్తా అండీ. రైళ్లలో జనం మర్చిపోయిన గొడుగులన్నీ ఈయన దగ్గరికొస్తాయి. పెళ్లాం వదిలేసి పోయింది."

"ఎందుకూ?"

"అది ఇంకో ఫారంలో ఉందేమో. నాకింకా రాలేదు."

"వదిలేసి పోతే ఈయనేం చేశాడు?"

"గొడుగులు రంగుల వారీగా సర్దాడు."

"అంతేనా?"

"అంతే."

మొదటి రెండు పుస్తకాలూ అలాగే అయ్యాయి. ఎవరూ అరవరు. ఎవరూ కంచం విసిరికొట్టరు. ఏడవాల్సిన చోట కిటికీ తుడుస్తారు. బాధ పట్టలేకపోతే బీరువా సర్దుకుంటారు. నాకు ఒళ్లు మండిపోయేది. నేను కోపమొస్తే వీధి చివరిదాకా వినపడేలా అరిచే మనిషిని.

"నీకు అలాంటి మొగుడు పడాల్సింది," అన్నాను.

"గొడుగులు సర్దేవాడా? మనింట్లో ఉన్నది ఒక్క గొడుగు, దానికీ ఊచ విరిగింది," అని నవ్వింది. నవ్వుతూనే పొట్ట పట్టుకుంది. అప్పటికి కొన్నాళ్లుగా ఆ నొప్పి వస్తూ పోతూ ఉంది. ఏది తిన్నా సగంలో పక్కకి నెట్టేసేది.

ఆవిడకి ఆ ఏడాది ఉన్న కోరిక ఒక్కటే. అక్క దగ్గరికి వెళ్లాలి. వాళ్ల అమ్మ చిన్నప్పుడే పోతే అక్కే జడలేసి, అక్కే పెంచింది. ఆ అక్క, అంటే మా వదిన, ఉండేది రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ దూరంలో. మా తోడల్లుడికి పక్షవాతం వచ్చి మంచం పట్టాక వదిన గడప దాటడం లేదు. ఆయన్ని పక్కకి తిప్పాలన్నా ఆవిడే, మంచినీళ్లు పట్టాలన్నా ఆవిడే. కాబట్టి ఒకరినొకరు చూసుకోవాలంటే మేమే వెళ్లాలి.

"ఒక్క నెలండీ. ఏ పనీ చెయ్యను. దాని పక్కన పడుకుంటాను, అంతే. చిన్నప్పుడు దాని జడ పట్టుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు జడెక్కడుంది దానికి! పిలక మిగిలిందట."

"వానలు తగ్గాక వెళ్దాంలే," అన్నాను. అప్పటికి ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

నొప్పి ఎక్కువైతే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చేశారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడని బయట బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. చిన్నవాడే, నా మేనల్లుడి వయసుంటుంది. బల్ల మీద కాగితాలు ఇటు జరిపి అటు జరిపి చెప్పాడు. పొట్టలో మొదలై కాలేయం దాకా పాకిందట. కోసినా లాభం లేదట.

"ఎన్నాళ్లండీ?"

"వానాకాలం దాటితే గొప్పే."

"ఆవిడకి చెప్పాలా?"

"అది మీ ఇష్టం. మీ ఆవిడ గురించి మీకు తెలిసినంత నాకు తెలీదుగా."

ఆ మాట మర్యాదగానే అన్నాడు. కానీ జీవితంలో ఏదీ నా ఇష్టానికి వదలని లోకం, తీరా అది ఒక్కటీ నా ఇష్టానికి వదిలేసినందుకు అతన్ని చొక్కా పట్టుకుని గుంజాలనిపించింది. బయటికొచ్చేసరికి ఆవిడ పక్కన కూర్చున్న ఎవరో ముసలామెకి మందుల చీటీ చదివి పెడుతోంది.

"ఏమన్నాడు?"

"పుండేనట," అన్నాను. "పొట్టలో పుండు. మందులు వాడితే మానుతుందట. టైం పడుతుందట."

"ఓస్, పుండేనా!" అంది. లేచి నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆ తర్వాత దాని గురించి మళ్లీ అడగలేదు. అడగనందుకు నేను బతికిపోయాననుకున్నాను.

మూడో పుస్తకం ఫారాలు ఆ తర్వాతి వారం వచ్చాయి. "మానెయ్యి, పొడుగాడు మడతేస్తాడులే," అన్నాను. పొడుగాడు మా కటింగు మిషన్ మీద చేసేవాడు. "వాడు మడతేస్తే అంకెలు ఒకదాన్నొకటి చూసుకోవు. పట్రండి, కూర్చుని చేసే పనేగా," అంది. తెచ్చాను. మెల్లగా చేసేది. గంట చేస్తే గంట పడుకునేది. మడత పెట్టిన ఫారాలు మంచం పక్కన దొంతర్లు పెట్టేది. నేను పొద్దున్నే వాటిని తాళ్లతో కట్టి సైకిల్ మీద షాపుకి తీసుకెళ్లేవాణ్ణి. ఎనిమిదో ఫారం దాకా తనే మడతేసింది. తొమ్మిదో ఫారానికి బద్ద పట్టుకునే ఓపిక లేకపోయింది. మిగతావి పొడుగాడే చేశాడు, వంకర టింకరగా.

"ఇదేదో బాగుందండీ," అంది ఒక సాయంత్రం. "మిగతావాటిలా కాదు. బస్సు డ్రైవరు కథ. రిటైరయ్యాడు. ఆయనా ఆవిడా. ఒకటి కట్టి తీసుకురండి, మొత్తం చదువుతాను. ముక్కలు చదివి చదివి విసుగొచ్చింది. జీవితంలో ఒక్క పుస్తకమైనా వరసగా చదవాలి."

మర్నాడు ఫారాలు ఏరుతూ ఆవిడ కోసం ఒక వరస పక్కన పెట్టాను. మంచి కాగితం ఉన్నవి, మరక లేనివి చూసి మరీ ఏరాను. ఎనిమిదో ఫారం చేతిలోకి తీసుకున్నాను. ఎప్పటిలాగే కింద అంకె చూశాను. నూట పదమూడు. ఆ అంకెకి సరిగ్గా పైనున్న వరస కళ్లకి తగిలింది.

'పుండేనట,' అన్నాడతను భార్యతో.

నిలబడినచోటే ఆ పేజీ మొత్తం చదివాను. ఆ డ్రైవరు ఆసుపత్రి నుంచి వస్తాడు. భార్య చెప్పులు సర్దుతూ ఉంటుంది. ఆయన చెప్పేది ఒక్క మాట. దానికి ముందున్న ఏడో ఫారం తిరగేశాను. భార్య మెట్లెక్కి ఆయాసపడటం, తిండి సగంలో నెట్టెయ్యడం, అంతే, ఆసుపత్రికి వెళ్దామనుకోవడంతో ఆ ఫారం అయిపోతుంది. తొమ్మిదో ఫారం తిరగేశాను. అక్కడికి చలికాలం వచ్చేసింది. ఇంట్లో ఆయనొక్కడే ఉన్నాడు. 'ఆమె లేని ఇల్లు' అని రాసుంది. ఎక్కడికెళ్లిందో రాయలేదు. చావు అన్న మాట తొమ్మిదిలో లేదు, పదిలో లేదు, చివరిదాకా వెతికాను, ఎక్కడా లేదు. అలా చెప్పకుండా దాచే రాతని అప్పటిదాకా తిట్టుకున్నవాణ్ణి, ఆ పూట ఆ రాసినాయన కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ణే. నేను తియ్యాల్సింది ఒక్క ఫారం.

ఉత్తినే తీసేస్తే పేజీ అంకెలు గెంతుతాయి. ఫారాలు ఏరేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఒక ఫారం రెండుసార్లు వేసి, తర్వాతిది మర్చిపోతారు. అలాంటి పుస్తకాలు కొట్లలో ఎన్నో కనపడతాయి. చదివేవాళ్లు బైండరుని రెండు బూతులు తిట్టుకుని ముందుకెళ్లిపోతారు. అలాగే చేశాను. ఏడో ఫారం రెండుసార్లు వేసి, ఎనిమిది పక్కన పడేసి కుట్టాను. ఆ ఏడాది మా షాపులో అంత శ్రద్ధగా కట్టిన పుస్తకం ఇంకోటి లేదు.

పొడుగాడు చూశాడు. "అన్నా, ఏడు రెండు పడ్డాయి నీకు."

"పడనీ."

"నీకు పడటమేంటన్నా? ముసలోడివైపోతున్నావ్," అని నవ్వాడు.

పుస్తకం తీసుకెళ్లి చేతిలో పెడితే ముందు వాసన చూసింది. తర్వాత అట్ట వీపు తడిమింది. రెండు పేజీలు చదివేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయంది. "మీరు చదవండి," అంది.

"నేనా?"

"మీరే బైండరుగారూ. నలుగురిలో చదవమనట్లేదుగా. నేనొక్కదాన్నే వినేది."

అలా రోజూ షాపు నుంచి రాగానే దీపం వేసి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చదివేవాణ్ణి. వేలు పెట్టుకుని చదివేవాణ్ణి. మొదట్లో గొంతు బడి పిల్లాడిలా వచ్చేది. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. బయట వాన. ఆ డ్రైవరు ఖాళీగా ఉండలేక రోజూ తను నడిపిన బస్సే ఎక్కి, చివరి స్టాపు దాకా వెళ్లి, తిరిగొస్తూ ఉంటాడు. టిక్కెట్టు కొనుక్కుని మరీ.

"మనిషికి పిచ్చి," అన్నాను.

"మీరూ ఆదివారం షాపు దాకా వెళ్లి తాళం లాగి చూసొస్తారుగా."

"అది వేరు."

"ఊ, వేరు. చదవండి."

ఏడో ఫారం అయింది. నూట పన్నెండో పేజీ తిప్పాను. మళ్లీ తొంభై ఏడు వచ్చింది. "అరే, ఇక్కడ ఫారం డబుల్ పడిందే," అన్నాను, అప్పుడే చూసినవాడిలా.

ఆవిడ కళ్లు తెరవలేదు. "పొడుగాడు ఏరాడా?"

"ఆ."

"సరే, తిప్పెయ్యండి. దాని తర్వాత ఏముందో చదవండి."

'ఆమె లేని ఇల్లు' దగ్గరికి వచ్చాను. ముందు రోజే షాపులో కూర్చుని అక్కడ ఏం చదవాలో అనుకుని పెట్టుకున్నాను. "చలికాలం వచ్చింది. ఆమె ఊరెళ్లడంతో ఇల్లు ఖాళీగా ఉంది," అని చదివాను.

"ఏ ఊరు?"

"అక్క దగ్గరికట," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఇంకే ఊరూ తట్టలేదు.

దుప్పటి అంచు గడ్డం దాకా లాక్కుంది. తర్వాత, "అదృష్టవంతురాలు," అంది.

నేను పేజీ తిప్పాను.

ఆ తర్వాతంతా అలాగే మార్చి చదివాను. ఆయన ఆమె కోటు పెట్టెలో పెట్టేసే చోట, ఉతకడానికి వేశాడని చదివాను. ఆయన రెండు కప్పులు తీసి ఒకటి వెనక్కి పెట్టేసే చోట ఉన్నదున్నట్టే చదివాను, అది ఎలాగైనా సరిపోతుంది. పుస్తకం చివర ఆయన ఒక చిన్న స్టేషన్లో బల్ల మీద కూర్చుని బూట్లకంటిన మట్టి తుడుచుకుంటూ ఉంటాడు. రైలు వస్తున్న చప్పుడు. అంతే. కింద ఖాళీ.

"తర్వాత?" అంది.

"లేదు."

"ఎక్కాడా, లేదా?"

"చెప్పి చావలేదు."

నిజంగానే చివరి ఫారం ఏదో అచ్చుకాలేదనుకుని షాపులో అడిగాను. అనువాదం చేసినావిడ ఆ రోజు అట్టలు చూసుకోవడానికి వచ్చింది. "మేడమ్, మూడో పుస్తకానికి ఆఖరి ఫారం రాలేదండీ," అన్నాను. ఆవిడ కంగారుగా తీసి చూసి, "వచ్చిందే! అక్కడితో అయిపోయింది," అంది.

"అయిపోవడమేంటండీ? ఆయనింకా స్టేషన్లోనే కూర్చున్నాడు!"

నవ్వింది, వెక్కిరింపు లేకుండా. "నాకూ అలాగే అనిపించింది మొదటిసారి. మీరేమనుకుంటున్నారు, ఎక్కాడంటారా?"

"నేననుకోవడానికి ఆయనెందుకు రాయడం?" అన్నాను. ఇల్లంతా చూపించి, ఆఖరి గది దగ్గరికొచ్చాక తాళంచెవి లేదన్నట్టు ఉంది నాకు. ఆవిడ అట్టని వెలుతురుకి పట్టి చూసింది. అట్ట రంగు బాగా కుదిరిందని చెప్పి వెళ్లిపోయింది.

ఈలోగా మా ఆవిడ కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు వాచాయి. వానలు మాత్రం తగ్గుముఖం పట్టాయి. రోజూ ఒక్కసారైనా కిటికీ వైపు చూసి, "తగ్గేట్టున్నాయి," అనేది. "తగ్గాక వెళ్దాం," అనేవాణ్ణి. నాకు ఆ మాట అలవాటైపోయింది. అసలు ఎందుకు వెళ్లలేదని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. డాక్టరు చెప్పిన రోజునే రైలెక్కించి ఉండొచ్చు. కానీ పుండున్న మనిషిని వానలో హడావిడిగా రైలెక్కించే మొగుడుంటాడా? వెంటనే బయల్దేరదామంటే ఎందుకంత తొందరని అడుగుతుంది. నా అబద్ధానికి సరిపడా నేను నింపాదిగా ఉండాల్సి వచ్చింది. ఆ నింపాదిలోనే రోజులైపోయాయి.

ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం. షాపు మానేసి ఇంట్లోనే ఉన్నాను. కిటికీ తెరిచాను. వీధిలో ఎవరో తడిసిన పరుపు గోడకి ఆనించి ఆరబెట్టారు. ఆవిడకి చెమ్చాతో పాలు పడుతున్నాను.

"వానలు తగ్గాయి," అంది.

"అవును. నీకు కాస్త ఓపిక రానీ."

"ఇంక రైలెక్కలేనండీ."

"ఎందుకెక్కలేవు? పుండు మానగానే..."

"ఎనిమిదో ఫారం ఏం చేశారు?" అంది.

చెమ్చా గిన్నెలో పెట్టాను.

"షాపులో ఉంది."

"పారేశారేమో అనుకున్నాను."

"నువ్వెప్పుడు చదివావ్?"

"మడతేసింది ఎవరనుకున్నారు? మడతేశాక నూట పదమూడే కదా పైకి కనపడేది. దొంతర మొత్తం ఈ మంచం పక్కనే ఉంది రెండ్రోజులు. ఇటు తిరిగితే అదే. పుండేనట, పుండేనట అని. మీరే తాళ్లేసి కట్టుకుని తీసుకెళ్లారు దాన్ని."

నేను కట్టాను. కింద అంకె చూసి కట్టాను.

"అప్పటికే నాకు అనుమానంగానే ఉందిలెండి. మీరు ఆసుపత్రిలోంచి వచ్చి అరవలేదు. డాక్టర్ని తిట్టలేదు, ఫీజుల్ని తిట్టలేదు. మెత్తగా మాట్లాడారు. అప్పుడే అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. చెప్తే ఆ రోజే బట్టలు సర్దుకుని అక్క దగ్గరికి వెళ్లిపోదామని. అప్పటికి నడుస్తూనే ఉన్నాగా."

"నువ్వొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి."

"అడిగితే ఏడుస్తారు. మిమ్మల్ని ఊరుకోబెట్టే ఓపిక నాకెక్కడిది?" గిన్నె వైపు చూసి, "పాలు చల్లారిపోతున్నాయి," అంది.

ఒక్క అరుపు అరవలేదు నా మీద. అరిస్తే బాగుండేది. నేను గిన్నె కడిగి, బోర్లించి, గట్టు తుడిచి, మళ్లీ తుడిచాను.

సాయంత్రం షాపుకెళ్లి ఎనిమిదో ఫారం తెచ్చాను. మడతపెట్టినవన్నీ పుస్తకాల్లోకి పోయాయి. నేను ఆ రోజు పక్కన పడేసింది పొడుగాడు చెత్తలో కలిపేశాడు. అచ్చులో ఎక్కువ పడ్డ కాగితం ఒకటి గోడ పక్కన ఉంటే చుట్టి తీసుకొచ్చాను. విప్పి చూపిస్తే ఆవిడ మొహం వెలిగింది.

"ఇటివ్వండి."

దిండుకి చేరబడి, ఒళ్లో పీట పెట్టించుకుని మడత మొదలుపెట్టింది. బద్ద పట్టు ఆనడం లేదు. బొటనవేలి గోటితో రుద్దింది. అంకె మీద అంకె పడటానికి మూడు నాలుగుసార్లు విప్పి మళ్లీ మడిచింది. నేను చెయ్యి వెయ్యబోతే కసిరింది. చివరికి పదహారు పేజీలయ్యాయి. "పొడుగాడికంటే నయమేగా?" అంది.

నేను అంచులు కోసి చదివాను. ఈసారి ఒక్క మాట మార్చలేదు.

డ్రైవరు 'పుండేనట' అంటాడు. భార్య 'అలాగా' అని వంటింట్లోకి వెళ్లి, ఒక పండు తొక్క తీసి, పల్చగా కోసి పట్టుకొస్తుంది. పెద్ద ముక్కలు ఆయనవైపు పెడుతుంది. ఈ ఏడు పండ్లు తియ్యగా ఉన్నాయంటుంది. ఇద్దరూ తింటారు. మర్నాడు ఆవిడ బట్టలుతికే మిషన్ దగ్గరికి ఆయన్ని పిలిచి, నా చేతులు నొప్పిగా ఉన్నాయి, ఈ బొత్తాలు ఎలా నొక్కాలో నేర్చుకో అంటుంది. ఉన్ని బట్టలకి ఏది, దుప్పట్లకి ఏది. ఆయన ప్రతిసారీ తప్పు నొక్కుతాడు. బస్సు నడిపినవాడివి ఇది రాదా అని నవ్వుతుంది. మిగతా పేజీలన్నీ ఆ బొత్తాలే. అక్కడితో ఫారం అయిపోయింది.

"ఆవిడకి తెలుసు," అన్నాను.

"ఎక్కడ రాశాడు తెలుసని?"

వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు. "బొత్తాలు నేర్పిస్తోందిగా మరి!"

"చూశారా," అంది. "చదవడం వచ్చేసింది మీకు."

ఇంత కష్టపడి నేర్చుకున్న విద్య ఎందుకు పనికొస్తుంది నాకు? కూర్చున్న స్టూలు కాళ్లు ఊడేలా ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేద్దామని ఎత్తింది. అది అక్కడిదాకా రాలేదు, దుప్పటి మీదే ఆగింది. "ఇందుకే చెప్పలేదు," అంది.

ఏడుపయ్యాక ఫోను తీశాను. "వదినకి చెప్పేస్తాను. ఎలాగోలా వస్తుంది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఎలా వస్తుందండీ? బావని ఎవరి మీద వదిలేసి వస్తుంది? రాలేదు. రాలేనని తెలిసి రోజూ చస్తుంది అక్కడ. తర్వాత ఎలాగూ తెలుస్తుంది. అప్పటిదాకా ఎందుకు దానికి?"

"మరి నేను నీకు చెప్పలేదని నువ్వు..."

"నేను నడిచేదాన్ని," అంది. "అది కదల్లేదు. రెండూ ఒకటేనా?"

నేను ఫోను మంచం మీద పెట్టాను. రెండూ ఒకటో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు.

"ఫోను మాత్రం చెయ్యండి. మాట్లాడతాను," అంది. ఒక గుక్క నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, దిండు పైకి జరపమంది, పడుకుని మాట్లాడితే గొంతులో తెలిసిపోతుందని. నేను వెనక కూర్చుని ఆనించుకున్నాను. ఫోను స్పీకర్లో పెట్టి చేతిలో పట్టుకున్నాను.

"ఏమే, బతికున్నావా?" అంది వదిన అటునుంచి.

"ఆ, ఉన్నాలే. బావెలా ఉన్నాడు?"

"అలాగే ఉన్నాడు. దుప్పటి కప్పితే ఉక్కంటాడు, తీస్తే చలంటాడు. నీ సంగతి చెప్పు. ఎప్పుడొస్తున్నావ్? ఇక్కడ వానలు ఆగి వారమైంది. నీ కోసమని పరుపు దూది ఏకించాను."

మా ఆవిడ నా భుజానికి తల వాల్చింది. మాట మాత్రం గట్టిగానే తెచ్చుకుంది. "వస్తానే. నాకేం, నేను ఇప్పుడంటే ఇప్పుడు తయారు. ఈయనకే తీరడం లేదు. ఏవో జపాన్ పుస్తకాలట, నెత్తినేసుకున్నారు. అవి అవగానే."

"జపాన్ వాళ్లకి బైండర్లు లేరా? ఏడీ ఆయన? ఇవ్వు ఫోను."

"ఇక్కడే ఉన్నారు, వింటున్నారు."

"మరిదిగారూ!"

"చెప్పండి వదినా."

"ఏం చెప్పను? సిగ్గుందా మీకసలు? పెళ్లయిన దగ్గర్నుంచీ దాని చేత కాగితాలు మడిపిస్తూనే ఉన్నారు. ఒక్క నెల, ఒక్క నెల దాన్ని పంపలేరా? మీ పుస్తకాలు తగలబడ! ఎవరికి కావాలవి?"

నేను మా ఆవిడ మొహం చూశాను. కళ్లు మూసుకుని ఉంది. తల అడ్డంగా ఊపింది, చిన్నగా.

"తప్పు నాదే వదినా," అన్నాను. "పనైపోగానే పంపిస్తాను."

"ఎప్పుడవుతుంది మీ పని? అది పోయాకా?"

వదిన నా జవాబు కోసం ఆగలేదు. ఆపకుండా తిడుతూనే ఉంది. నా షాపుని, నా మొండితనాన్ని, పెళ్లిచూపులనాడు నేనేసుకొచ్చిన చొక్కాని, దేన్నీ వదల్లేదు. మా ఆవిడ పెదాలు విచ్చుకున్నాయి. చిన్నప్పటినుంచీ తెలిసిన ఆ గొంతు వింటూ నా మీద బరువంతా వదిలేసింది. నేను ఫోను ఆవిడ చెవికి ఇంకాస్త దగ్గరగా జరిపి, వదిన ఎక్కడ ఆపేస్తుందోనని, ఒక్కో తిట్టుకీ మధ్యలో ఒక్కో ఎదురుమాట అంటూ కూర్చున్నాను.